గుండ్రటి ముల్లు, సన్న ముల్లు

ప్రొద్దుటూరు,
3-11-2024, ఆదివారం.

గౌరవనీయులైన వరదరాజులు గారికి,

నమస్కారం. నేను మీకు తెలియను. ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెప్తాను. ఈ నెల ఇరవయ్యో తేదీ లోపల ఒక రికార్డు ప్లేయరుకు ముల్లు కొనాలి. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది. తప్పు ముల్లు కొంటే ఒక పాట శాశ్వతంగా పోతుంది. దానికి ఇంకో ప్రతి లేదు.

ముందు మీకు ఫోన్ చేశాను. మీ అమ్మాయి ప్రశాంతి గారు ఎత్తారు. "మా నాయనకు తొమ్మిదేండ్లుగా చెవులు ఇనపడవమ్మా. కాయితం మీద రాస్తే మాత్రం కూచోని జవాబు రాస్తాడు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రొద్దుటూరులో ఆదినారాయణ గారి రికార్డుల లైబ్రరీలో పని చేస్తున్నాను. ఆయనకు బంగారు అంగడి ఉంది. పాత రికార్డులు నాలుగు వేల దాకా పోగేసి, అంగడి పైన హాలు కట్టించి, జర్మనీ నుంచి టర్న్‌టేబుల్ తెప్పించారు. నలుగురు పట్టుకుంటే గానీ మెట్లెక్కలేదు. తీరా చూస్తే, దాని చెయ్యి కొసన ఏమీ లేదు. కార్ట్రిడ్జి వేరుగా కొనుక్కోవాలట. "ఇదేందప్పా, పెండ్లికొడుకును పంపి తాళిబొట్టు పంపల్యా!" అని ఆయన తల పట్టుకున్నారు.

ముల్లు వణుకును కరెంటుగా మార్చే ఆ చిన్న పెట్టెల గురించి నెల రోజులుగా చదువుతున్నాను. లోపల అయస్కాంతం కదిలేవి కొన్ని, తీగచుట్ట కదిలేవి కొన్ని. గుండ్రటి ముల్లు, సన్న ముల్లు. ఒకరు మెచ్చుకున్నదాన్నే ఇంకొకరు తిడుతున్నారు. ఈ పక్కల మీకంటే తెలిసినవాళ్ళు లేరని ఆదినారాయణ గారు అంటారు.

నాలుగు వేలలో నాకు భయంగా ఉన్నది ఒక్కదాని గురించే. అది అచ్చు పోసిన రికార్డు కాదు. రేకు మీద లక్క పూసి, దాని మీద పాటను నేరుగా కోసిన ఒంటి రికార్డు. మధ్యలో అంటించిన కాగితం మీద పేరు లేదు. "సందె, 14-3-83" అని మాత్రం ఉంది. అలాంటివి వాయించిన ప్రతిసారీ కొంత అరిగిపోతాయని, పదిసార్లకు మించి నిలవవని చదివాను. దానికి ఏ ముల్లు పెట్టాలి?

మా ఇంట్లో ఉత్తరం రాసే మొదటి మనిషిని నేనే. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
బి. యశోద,
లైబ్రేరియన్.


పులివెందుల,
9-11-2024.

కుమారి యశోదకు,

నీ ఉత్తరం చేరింది. నా మనవరాలి వయసుంటాది నీకు, మీరూ గీరూ అనలేను, ఏమనుకోవాకు. నీ పేరు చూసి కవరు కాసేపు పక్కన పెట్టినా. ఈ కాలం పిల్లలకు ఆ పేరు పెట్టరు.

ముప్పై ఏండ్లు ఈ చుట్టుపక్కల సినిమా హాళ్ళకూ పెద్దోళ్ళ ఇండ్లకూ ముండ్లు మార్చినా. ఇంతవరకూ ఒక్కరు గూడా కాయితం మీద ఇంత శుభ్రంగా అడగలేదు. "మామా, గీరుతాండాది, చూడు" అనేవాళ్ళు, అంతే. కాబట్టి శుభ్రంగానే చెప్తా.

అయస్కాంతం కదిలేది కొను. తీగచుట్టది శానా నాజూకు. దాని ముల్లు అరిగితే మొత్తం పెట్టె మార్చాల. అయస్కాంతం దాంట్లో ముల్లు ఒక్కటే పెరికి ఇంకోటి పెట్టుకోవచ్చు. నీ దగ్గరుండేవి పాత రికార్డులు. వాటికి గుండ్రటి ముల్లు పెట్టు. అది గాడి పైపైన పోతాది. సన్న ముల్లు అడుగుదాకా దిగుతాది. కేటలాగుల్లో దాన్ని తెగ పొగుడుతారు, ఇంతవరకూ ఇనపడనివన్నీ ఇనిపిస్తాదని. అడుగున ఏముంటాదని? దుమ్ము. దుమ్మును ఇనడానికి అంత యంత్రం ఎందుకు?

ముల్లు ఎంత బరువుతో ఆనాల అనేదే అన్నిటికంటే ముఖ్యం. రెండు గ్రాములు. దానికి వేరే తూకం కొనొద్దు. కింద బంగారు అంగడి పెట్టుకోని తూకం కొంటే నవ్వుతారు.

ఆ లక్క రికార్డు సంగతి నాకు తెలీదు. అట్లాంటివి మద్రాసులో కోసేవాళ్ళు. దానిమీది రాత పచ్చసిరాదైతే, పాతసరుకు అని అర్థం. ఒక్కసారి వాయించి బీరువాలో పెట్టెయ్. గుండ్రటి ముల్లుతోనే. సందె వేళ మాత్రం వద్దు. ఆ పొద్దు కరెంటు సరిగుండదు.

ఆశీస్సులతో,
వరదరాజులు.


ప్రొద్దుటూరు,
19-11-2024.

వరదరాజులు గారికి,

నమస్కారం. మీరు చెప్పిన గుండ్రటి ముల్లు వచ్చింది. ఆదినారాయణ గారు మాత్రం, "చెవులు రెండుండాయి, ముండ్లు గూడా రెండు తెప్పిద్దాం" అని సన్న ముల్లుది కూడా ఆర్డర్ పెట్టించారు. చెయ్యి కొసన పట్టు విప్పి రెండూ మార్చుకోవచ్చు కదా అని నేనూ కాదనలేదు.

బరువు చూడటానికి అంగడిలోకి పోయి, అద్దాల పెట్టెలో ఉన్న తూకం అడిగితే, కూర్చుని ఉన్న పెండ్లివాళ్ళంతా లేచి చూశారు. గుమాస్తా, "ఏంది పాపా, ముక్కుపుడకా?" అన్నాడు. "కాదన్నా, ముల్లు" అన్నాను. "యాడ గుచ్చుకునింది?" అన్నాడు. ఆ నవ్వుల్లోనే తూకం పైకి తెచ్చుకుని, ముల్లును దాని మీద ఆనించి రెండు గ్రాములు సరిచూసుకున్నాను.

మీ మాట ప్రకారం పొద్దున పది గంటలకు, ఒక్కసారే వాయించాను. ఆడమనిషి గొంతు. పక్క వాద్యం ఏదీ లేదు. శనక్కాయలు ఒలిచేటప్పుడు పాడుకునే పాటలా ఉంది. "కొండ దిగిన ఎండకు కొంగు పరిచినానమ్మా" అని మొదలవుతుంది. గొంతు కొంచెం బొంగురు. కానీ ఎత్తుకున్న చోటు నుంచి ఒక్క అడుగు కూడా జారదు. వింటూ వింటూ నా చేతులు కూడా ఒళ్ళో కదిలాయి, ఏదో ఒలుస్తున్నట్టు.

ఆదినారాయణ గారు కిందినుంచి పిలిచారు. మూడోసారి పలికాను. "ఏం తల్లీ, చెవుడా? పులివెందుల పెద్దాయన దగ్గర అంటించుకున్న్యావా?" అన్నారు. మా అమ్మ దువ్వూరు పక్క మనిషి. చిన్నప్పటినుంచీ మాకు నేర్పిన అలవాటిది. సందె వేళ ఎవరు పిలిచినా మూడో పిలుపుకే పలకాలి, మొదటి రెండూ ఎవరివో తెలీదు, మనిషైతే మూడోసారి పిలుస్తాడు అంటుంది. నాకు పగలు కూడా అదే అలవాటైపోయింది. మా నాయనకు మాత్రం ఆ అలవాటంటే ఒళ్ళు మంట. ఎందుకో చెప్పడు.

ఇప్పుడు రెండు సంగతులు అడగాలి. ఒకటి, పాట మూడో చరణంలో వెనకాల ఇంకో గొంతు ఉంది. చాలా దూరంగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టు. "అమ్మా" అని. ఒక్కసారే. చిన్నపిల్ల. మీకు అలాంటిది ఏదైనా తెలుసా?

రెండు, రికార్డు మీద రాత నిజంగానే పచ్చసిరాది. సిరా రంగు నేను మీకు రాయలేదు. మీకెట్లా తెలిసింది?

నమస్కారాలతో,
యశోద.


పులివెందుల,
25-11-2024.

యశోదకు,

ఆ కాలంలో శానామంది పచ్చసిరాతోనే రాసేవాళ్ళు. దాంట్లో వింత లేదు.

నువ్వు ఇన్నది పిల్ల గొంతు గాదు. పాటను ముందు టేపు మీదికి పడతారు. టేపు చుట్ట చుట్టినాక, ఒక పొరలో ఉండే చప్పుడు పక్క పొర మీదికి దిగుతాది. కొత్త చీర రంగు తెల్లగుడ్డకు అంటినట్టు. పాడే ఆమె గొంతే ముందు వెనకల ఇంకోసారి సన్నగా ఇనిపిస్తాది. అంతే. చదువుకున్న పిల్లవు, దాన్ని పట్టుకోని ఏమేమో అనుకోవాకు.

రికార్డును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. తాళం ఆదినారాయణకు ఇయ్యి. సన్న ముల్లు దాని దగ్గరికి పోనియ్యొద్దు. ఇది పెద్దోడిగా చెప్తాండా.

ఒక్క మాట అడగాల. నువ్వు ఎవురి పిల్లవు?

వరదరాజులు.


జమ్మలమడుగు,
1-12-2024, ఆదివారం.

తాతగారికి,

సెలవుకు ఇంటికొచ్చి, ఇక్కడినుంచే రాస్తున్నాను. మీరడిగిన ప్రశ్నకు మొదటి ఉత్తరంలోనే జవాబు చెప్పి ఉండాలి. చెప్పలేదు. చెప్తే మీరు ముల్లు గురించి కాక ఇంకేదో రాస్తారని భయపడ్డాను.

ఆ రికార్డు లైబ్రరీది కాదు. మాది. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, మా జేజి చీరలో చుట్టి ఉండింది. దాన్ని వాయించే యంత్రం మా ఇంట్లో ఏనాడూ లేదు. నేను చదువుకున్నదీ, రికార్డుల లైబ్రరీలో పని వెతుక్కున్నదీ దానికోసమే అంటే నవ్వుతారేమో. పాడింది మా జేజి యశోదమ్మ. నేను పుట్టడానికి ఏడాది ముందు పోయింది. ఆమె పేరే నాకు పెట్టారు. మా నాయన నన్ను పేరు పెట్టి పిలవడు. తన తల్లి పేరు కదా. "అమ్మా" అనే పిలుస్తాడు. నాపరాయి గని నుంచి వచ్చి, గుమ్మంలో దుమ్ము దులుపుకుంటూ "అమ్మా" అంటాడు. ఇంట్లో ఆ మాటకు నేనే పలకాలి.

మీ మాట వినలేదు. పోయిన బుధవారం సన్న ముల్లు బిగించి వాయించాను. టేపు పొరల సంగతి చదివాను. మీరు చెప్పింది నిజమే. కానీ పొర దిగితే పాడేవాళ్ళ గొంతే దిగాలి. జేజి పాటలో "అమ్మా" అని వచ్చే చోట్లు నాలుగున్నాయి. ఏదీ దీనికి సరిపోలేదు. పైగా ఇప్పుడు రెండు పిలుపులు ఉన్నాయి, తాతగారూ. మొదటిది మామూలుగా ఉంది, ఆకలైతే పిలిచినట్టు. రెండోది అలా లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. జేజి గొంతు మీద సన్నగా బూడిద చల్లినట్టు చప్పుడు మొదలైంది. సన్న ముల్లు గాడిని గీరేస్తోంది. పాట అరుగుతోంది. పిలుపు మాత్రం ముందుకంటే దగ్గరికొచ్చింది.

ఈరోజు నాయనను, చిన్నప్పుడే పోయిన ఆయన అక్క గురించి అడిగాను.

"నాయనా, అత్త ఎట్లా పోయింది?"

"బావిలో పడింది. నీకు తెలుసు గదా."

"అప్పుడు జేజి యాడుండాది?"

నాయన చేతిలో ముద్ద తట్టలో పెట్టేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా నాయన అన్నం వదిలేయడం నేను చూడలేదు.

పక్కింటి ఖమర్‌బీ అవ్వకు ఎనభై దాటాయి. ఆమె దగ్గరికి పోయాను. జేజికి ఆమె చిన్ననాటి జత.

"మీ జేజి పాడితే ఎద్దులు గూడా నెమరేయడం ఆపేవి బిడ్డా. రుక్మిణి పోయినాంక మళ్ళ నోరు తెరిచి పాడలేదు. ఏడేండ్ల పిల్ల. దిగుడు బావి మెట్ల మీద నాచు."

"జేజి చూడలేదా అవ్వా?"

"అదే మాకూ తెలీదు. ఆ పొద్దు మీ ఇంట్లో ఎవురో పెట్టె తెచ్చి పాట పడతాండ్రి. అందురూ బయటికి పోవాల, చప్పుడు చెయ్యగూడదు అని చెప్పినారు. నేను మేకలకాడ ఉంటి. ఆ తర్వాత మీ జేజి ఎవురు పిలిచినా మొదటి పిలుపుకే పలికేది. పిలవకున్నా పలికేది. రొట్టె తడతా తడతా, 'ఆ... వస్తాండా' అనేది. ఎవురు పిలిచినారక్కా అంటే, 'నీకు ఇనపల్యా?' అనేది. పదహైదేండ్లు అంతే. పోయే పొద్దు గూడా అదే మాట. 'వస్తాండా' అనింది, పోయింది."

ఆ పెట్టె తెచ్చిన మనిషి పేరు ఆమెకు గుర్తు లేదు. "కండ్లద్దాలు, చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకోని కూచోనుండె. పచ్చసిరా పెన్ను జేబులో" అంది.

నన్ను ఎవరి పిల్లవని అడిగారు, చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి.

యశోద.


పులివెందుల,
12-12-2024.

చిరంజీవి యశోదకు,

వారం రోజులుగా రాస్తా చించేస్తా ఉండా. ప్రశాంతి, "ఏంది నాయనా, పరీచ్చ రాస్తాండావా?" అని పలక మీద రాసి, చించిన కాయితాల బుట్ట ఎత్తి చూపించింది. ఔను, పరీచ్చే. నలభై ఒక్క ఏండ్లు ఎగ్గొట్టింది.

ఆ కండ్లద్దాల మనిషిని నేనే.

అప్పుడు నాకు ముప్పై ఏండ్లు. మంచి గొంతుంటే చాలు, టేపురికార్డరు భుజానేసుకోని పోతాంటి. మీ జేజి పాట కడప రేడియోకి పంపాలనుకున్నా. పగలంతా మీ ఇంటి పక్క శనక్కాయల మిల్లు చప్పుడు. సందెకు మిల్లు ఆపుతారు. అందుకే సందె. అందర్నీ బయటికి పంపించినా. లోపల నేనూ, ఆమే. తలుపు మూసింది నేనే.

చెవులకు డిప్పలు పెట్టుకుంటే మామూలుగా ఇనపడనిది గూడా ఇనపడతాది. మూడో చరణంలో మొదటి పిలుపు ఇన్నా. గొడ్డుకుంకలు చప్పుడు చెయ్యొద్దన్నా గదా అని పండ్లు కొరుక్కున్నా. మీ జేజి గూడా ఇనింది. ఎట్లా తెలుసు అంటావా? పాడతానే, ఒళ్ళో ఒక వేలు లేపింది. ఒకటి.

నాకు అర్థం గాలేదు. రెండో పిలుపు వచ్చింది. ఆమె గొంతు వణకలేదు. రెండో వేలు లేచింది. కండ్లు తలుపు దిక్కు పోయినాయి. నేను చెయ్యెత్తినా, ఆపొద్దు అని. మూడో వేలు సగం లేచి ఆగింది. అట్లా లేపుకోనే పాట చివరిదాకా పాడింది. మూడో పిలుపు కోసరం. సందె వేళ గదా. మీ అమ్మ నీకు నేర్పినట్టే, ఆమెకూ ఎవురో నేర్పింటారు.

మూడో పిలుపు రాలేదు. డిప్పల్లో నాకు ఇంకో చప్పుడు ఇనపడింది. అది రాయను. అప్పుడు లేచి తలుపు తీసింటే ఏమయ్యేదో నాకు తెలీదు. లేచినా లేనా అంటే, లేవలేదు. పాట బాగా వస్తాండె.

మీ జేజి నన్ను ఒక్క మాట అనలేదు. పదకొండో దినం అయినాంక మా అంగడికి వచ్చి నిలబడింది. "అప్పా, దాంట్లో నా బిడ్డ గొంతుండాది. ఫోటో గూడా లేదు మాకు. దాన్ని చెరగనట్టు చేసియ్యి" అనింది. టేపు మీద ఇంకోటి పట్టేస్తే చెరిగిపోతాదని ఎవురో చెప్పినారంట. మద్రాసుకు పోయి, ఒక్కటే కోయించుకోని వచ్చి ఇచ్చినా. ఆమె కోరిక మీద పేరు రాయలేదు. టేపు కాల్చేసినా. చెవులు పోయిన పొద్దు డాక్టరు శానా బాధపడినాడు, నేను బాధపడలేదు.

గుండ్రటి ముల్లు పెట్టమన్నది అందుకే. అది దుమ్ము కింద ఉండేదాన్ని లేపదు. నీకు జేజి పాట మిగులుతాది. నాకు కూడా ఏదో మిగులుతాది అనుకున్నా.

రెండే పిలుపులమ్మా. మద్రాసులో కోసేటప్పుడు ఇన్నా, కాల్చే ముందు ఇన్నా. లెక్కబెట్టినా. రెండే.

ఇది రాయొచ్చో లేదో తెలీదు. పోయిన శుక్రవారం, ఆరో తేదీ, సందె వేళ అరుగు మీద కూచోనుంటి. తొమ్మిదేండ్లుగా బస్సు హారను గూడా ఇననోడిని. "అమ్మా" అని ఇనపడింది. కుడి చెవిలో, డిప్ప పెట్టుకున్నంత స్పష్టంగా. ప్రశాంతిని పిలిచి ఎవురు పిలిచినారే అని అడిగినా. పలక మీద, "ఎవురూ పిలవలేదు నాయనా, టైము 5-50, కాఫీ తాగు" అని రాసింది.

నువ్వు ఆ పొద్దు ఏం చేస్తాంటివి?

వరదరాజులు.


ప్రొద్దుటూరు,
18-12-2024.

తాతా,

మీ ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను. కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ నిలవలేదు. ముప్పై ఏండ్ల మనిషి చెయ్యెత్తి కూర్చున్నట్టూ, మా జేజి మూడో వేలు సగంలో ఆపుకున్నట్టూ రాత్రంతా కండ్ల ముందు ఉంది. ఇద్దరూ ఒకే పిలుపు కోసం కూర్చున్నారు, ఒకరు అది రావాలని, ఒకరు రాకూడదని. మీలో ఎవరినని తిట్టను?

ఆరో తేదీ శుక్రవారం నేనేం చేస్తున్నానో చెప్తాను. అంగడికి సెలవు. పైన ఒక్కదాన్నే ఉన్నాను. సన్న ముల్లు బిగించాను. మీరు సందె వేళ వద్దన్నారు కాబట్టే సందె వేళ వాయించాను. గడియారం చూసి ముల్లు దించాను. మూడో చరణం వచ్చేసరికి ఐదూ యాభై.

మూడు పిలుపులు ఉన్నాయి.

మొదటి రెండూ గోడ అవతలి నుంచి వచ్చాయి, ఎప్పటిలాగే. మూడోది అలా రాలేదు. స్పీకర్లు నా ముందున్నాయి. అది వెనకనుంచి వచ్చింది, మెట్ల దగ్గరినుంచి. భయపడ్డ గొంతు కాదు. చాలాసేపు ఎదురుచూసి, ఇంక అలసిపోయిన పిల్ల గొంతు. ఆ పిలుపు తర్వాత జేజి పాటలో ఒక ఖాళీ ఉంది. ఇంతకుముందు అక్కడ ఖాళీ లేదు. అక్కడ "కొంగు" అనే మాట ఉండేది, నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఆ చోటు ఉత్తగా తిరుగుతోంది, ఒకరు పలకడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు. తర్వాత పాట మళ్ళీ అందుకుంటుంది.

నేను పలకలేదు. నా కుడిచేతి మూడు వేళ్ళూ లేచి ఉన్నాయని ముల్లు ఎత్తేటప్పుడు చూసుకున్నాను.

హాలుకు రికార్డింగు యంత్రం ఇంకా రాలేదు. ఫోన్లో ఎక్కించుకుందామని మరుసటి రోజు పొద్దున గుండ్రటి ముల్లుతో ఒకసారి ప్రయత్నించాను. పాట నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు పడింది. మాటలు తెలియడం లేదు. పిలుపు అసలే లేదు. రికార్డును వెలుతురులో పట్టుకుని చూశాను. గాడులు తెల్లబడిపోయాయి. ఆదినారాయణ గారు భూతద్దం పెట్టి చూసి, "ఇంకొక్కసారికి వస్తాదేమో తల్లీ. ఆ తర్వాత దీన్ని కరగబోసినా ఏమీ రాదు" అన్నారు. బంగారం అరుగుదల చూసే కన్ను కదా, ఆయన మాట నమ్ముతాను.

అంటే ఇంకొక్కసారి. గుండ్రటి ముల్లు పెడితే జేజి పాట చివరిసారి వినొచ్చు, పిలుపు అడుగునే ఉండిపోతుంది. సన్న ముల్లు పెడితే పాట పూర్తిగా పోతుంది, పిలుపు వస్తుంది. ఏ ముల్లు కొనాలని మీకు రాసిన మొదటి ఉత్తరం గుర్తుందా? అప్పుడు పాట పోతుందేమోనని భయపడ్డాను. అదొక్కటే భయం.

ఇప్పుడు ఇంటికి ఫోన్ చేయడానికి కూడా భయంగా ఉంది. నిన్న నాయన చేసి "అమ్మా" అన్నాడు. నేను పలకలేదు. "అమ్మా" అన్నాడు. మూడోసారి, "ఏంది, ఇనపల్యా, నేను మీ నాయనను" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఫోన్ పెట్టే ముందు నాయన, "మా అక్క నన్ను ఎత్తుకోని తిప్పేదంట, నాకు గుర్తు లేదు" అన్నాడు. ఆయన నోట అక్క అనే మాట వినడం అదే మొదలు.

నేను తేల్చుకున్నాను. సన్న ముల్లే. జేజి బతికి ఉంటే ఆమె కూడా అదే బిగించమనేది. ఆమె రికార్డు చేయించుకుంది తన పాట కోసం కాదు. పాట పోతే పోనీ, నాకు మొదటి చరణం నోటికి వచ్చు. మనిషైతే మూడోసారి పిలుస్తాడని మా అమ్మ నేర్పింది. మూడోసారి పిలిచింది కదా తాతా. ఇంట్లో ఆ మాటకు పలకవలసిన మనిషిని ఇప్పుడు నేనే.

హాలు జనవరి పన్నెండున తెరుస్తారు. అంతకుముందు శుక్రవారం, పదో తేదీ, అంగడికి సెలవు. ఆ సందెకు ముల్లు దించుతాను. మీరు రాగలిగితే ప్రశాంతి గారిని తోడు తీసుకుని రండి. మీకు కుర్చీ అత్త పిలిచిన చోటే, మెట్ల దగ్గర వేస్తాను. ఈసారి తలుపు తీసే ఉంచుతాను.

రాలేకపోతే ఒక్కటి రాసి పంపండి. ఆ ఖాళీ చాలా చిన్నది. ఒక్క మాట పడుతుంది. జేజి పదహైదేండ్లు పలికిన మాట "వస్తాండా". ఆ మాట అంటూనే ఆమె పోయింది. "రా" అనడం కూడా ఉంది. అంటే ఎవరు వస్తారో, వచ్చి ఎక్కడ ఉంటారో నాకు తెలియదు. ఆ పిలుపును విన్నవాళ్ళలో బతికి ఉన్నది మీరూ నేనే.

వస్తాండా అనాలా, రా అనాలా? జనవరి పదో తేదీ సందెలోపల మీ జవాబు నా చేతికి అందేట్టు రాయండి.

యశోద.